జపనీస్ ఎందుకు నేర్చుకుంటున్నట్టు?

సంపాదకుడు గారికి,

‘మూడు నెలల్లో జపనీస్, ఆపై జపాన్‌లో నర్సు ఉద్యోగం’ తరహా ప్రకటనలు ఈమధ్య గోడల మీదా ఫోన్లలోనూ ఎక్కువయ్యాయి. భాష నేర్చుకోవడం మంచిదే. కాకపోతే ఎందుకు నేర్చుకుంటున్నారో తేల్చుకోకుండా ఫీజు కట్టేవాళ్లు తమకు అక్కరలేని పరీక్షకు చదువుతున్నారు.

జపాన్ ప్రభుత్వ సాంస్కృతిక సంస్థ జపాన్ ఫౌండేషన్ సర్వేల్లో ప్రపంచవ్యాప్తంగా ముందు వరుసలో కనిపించే కారణాలు ఆనిమే (జపాన్ యానిమేషన్), మాంగా (బొమ్మల కథలు)ల మీద ఇష్టం, భాష మీదే ఆసక్తి. మన దగ్గర మాత్రం ఉద్యోగమే మొదటి కారణం. అయితే ఏ ఉద్యోగం?

ప్రకటనల్లో ‘నర్సు’ అంటున్నది చాలావరకు ‘కైగో’, అంటే వృద్ధుల సంరక్షణ. స్నానం చేయించడం, తినిపించడం, మంచం మీంచి వీల్‌చెయిర్‌లోకి మార్చడం, బాత్‌రూముకు తీసుకెళ్లడం ఈ పనులు. మన బీఎస్సీ నర్సింగ్, జీఎన్ఎం చదువులతో అక్కడ నేరుగా నర్సు కాలేరు. జపనీస్ భాషా సామర్థ్య పరీక్ష జేఎల్‌పీటీలో ఎన్5 నుంచి మొదలయ్యే ఐదు మెట్లలో అన్నిటికన్నా పైదైన ఎన్1 పాసై, ఆపై జపాన్ జాతీయ నర్సింగ్ పరీక్ష కూడా గట్టెక్కాలి. కైగోకు అంత అక్కర్లేదు. 2019 ఏప్రిల్‌లో మొదలైన స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ (నిర్దిష్ట నైపుణ్య ఉద్యోగి) వీసాకు ఎన్4 గానీ, రోజువారీ జపనీస్‌ను పరీక్షించే జేఎఫ్‌టీ బేసిక్ గానీ సరిపోతుంది. దానితోపాటు కైగో నైపుణ్య పరీక్ష, కైగో జపనీస్ పరీక్ష విడిగా రాయాలి. ఈ చివరిది చాలామందికి ఆఖరి నిమిషంలో తెలుస్తుంది. ఈ వీసా మామూలుగా మొత్తం ఐదేళ్లకే, కుటుంబాన్ని వెంట తీసుకెళ్లడానికి వీల్లేదు. మూడేళ్లు పనిచేశాక ‘కైగో ఫుకుషిషి’ (గుర్తింపు పొందిన సంరక్షకుడు) జాతీయ పరీక్ష పాసైతే ఆ రెండు అడ్డంకులూ తొలగుతాయి. అక్కడే స్థిరపడాలనుకునేవాళ్లు ఎన్4తో పుస్తకం మూసేస్తే కుదరదు.

పరీక్ష ఎంచుకోవడంలోనూ ఇదే తికమక. జేఎల్‌పీటీ ఏడాదికి రెండుసార్లే, జులైలో, డిసెంబరులో. ఒకసారి తప్పితే ఆరు నెలలు ఆగాలి. జేఎఫ్‌టీ బేసిక్ కంప్యూటర్ మీద రాసేది, ఏడాదిలో చాలాసార్లు ఉంటుంది, 250కి 200 వస్తే పాస్. కైగోకు త్వరగా వెళ్లాలనుకునేవాళ్లకు ఇదే నయం. ఎన్4లో 180కి 90 వస్తే చాలంటారు గానీ అది సగం మాటే. వినికిడి భాగంలో 60కి కనీసం 19 రావాలి. మొత్తం 110 వచ్చి, వినికిడిలో 18 వస్తే ఫెయిలే. ఆడియో ఒక్కసారే వినిపిస్తారు. క్లాసులో పుస్తకం తప్ప ఆడియో పెట్టని చోట చదివినవాళ్లు ఎక్కువగా ఇక్కడే పోతారు. జేఎల్‌పీటీలో మాట్లాడే పరీక్ష అసలు లేదు. అందుకే సర్టిఫికెట్ చేతిలో ఉన్నా, బట్టీ పట్టిన స్వపరిచయం అయిపోగానే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకు నోరు పెగలదు.

సాఫ్ట్‌వేర్ వాళ్ల లెక్క వేరు. వాళ్లను కంపెనీలు ఎన్3, ఎన్2 అడుగుతాయి. అత్యున్నత నైపుణ్య వీసాకు కావాల్సిన 70 పాయింట్లలో ఎన్2కు 10, ఎన్1కు 15 కలుస్తాయి.

‘మూడు నెలల్లో’ అన్నదాని సంగతి. 2010కి ముందు పాత పద్ధతిలో ఎన్4కు సమానమైన మెట్టుకు 300 గంటల చదువు, 300 కంజీలు (చైనా నుంచి వచ్చిన లిపి గుర్తులు), 1500 మాటలు అని లెక్క చెప్పేవారు. రోజుకు రెండు గంటలు ఒక్కరోజూ మానకుండా చదివినా ఐదు నెలలు పడుతుంది.

ఇక ఎవరూ చెప్పని కారణం ఒకటుంది. తెలుగువాళ్లకు ఈ భాష వ్యాకరణం సగం వచ్చినట్టే. ‘కినో కత్త హొన్’ అంటే ‘నిన్న కొన్న పుస్తకం’, మాటకు మాట, అదే వరుస. ‘తబెతె మితె’ అంటే అచ్చంగా ‘తిని చూడు’. ‘ఇకు తొ ఇత్త’ అంటే ‘వెళ్తాను అని అన్నాడు’, అందులోని ‘తొ’ మన ‘అని’. క్రియ చివర వస్తుంది, విభక్తులు నామవాచకం వెనకే వస్తాయి. వాళ్ల అక్షరమాల వరుస అ ఇ ఉ ఎ ఒ, తర్వాత క స త న. సంస్కృత అక్షరక్రమం బౌద్ధంతో పాటు అక్కడికి చేరింది కాబట్టే ఈ పోలిక. ‘ఒబసన్’ అంటే పిన్ని వయసావిడ, ‘బ’కు దీర్ఘమిస్తే ‘ఒబాసన్’, అమ్మమ్మ. ‘కితె’ అంటే రా, ‘కిత్తె’ అంటే తపాలా బిళ్ళ. దీర్ఘం, ద్విత్వం మనకు ఒకరు నేర్పాలా? మన పత్రికలు ‘సునామీ’ అని రాసే మాట కూడా నిజానికి ‘చుక్క’, ‘చుట్టం’లో పలికే దంత్య చకారంతోనే మొదలవుతుంది.

ఇంత దగ్గరి భాషను మన కేంద్రాలు ఇంగ్లీషు మీదుగా నేర్పుతున్నాయి. ‘తిని చూడు’ అని ఒక్క ముక్కలో తేలిపోయేదానికి అరగంట ఇంగ్లీషు వివరణ. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లలు జపనీస్ కష్టమనుకుంటున్నారు గానీ వాళ్లకు కష్టమవుతున్నది మధ్యలో ఉన్న ఇంగ్లీషు.

తెలుగు కాపాడని చోట్లూ ఉన్నాయి. ‘లైబ్రరీలో ఉన్నాను’, ‘లైబ్రరీలో చదువుతున్నాను’ రెండింటికీ మనకు ‘లో’ ఒక్కటే. అక్కడ ఉండటానికి ‘ని’, పని చేయడానికి ‘దె’. మనవాళ్లు రెండుచోట్లా ‘ని’ వాడేస్తారు. కంజీలకైతే అడ్డదారి లేదు. మనిషి అనే ఒకే గుర్తును విడిగా ‘హితొ’ అని, జాతి చెప్పేటప్పుడు ‘జిన్’ అని, ముగ్గురు అనేటప్పుడు ‘నిన్’ అని చదవాలి. ‘ఒక్కరు’ అనే ‘హితొరి’లో అదే గుర్తు ‘రి’ అవుతుంది. కాబట్టి కంజీని ఒంటరిగా కాక మాటలోనే నేర్చుకోవాలి. జేఎల్‌పీటీలో చేతిరాత లేదు, గుర్తుపడితే చాలు. కైగోకు వెళ్లేవాళ్లకు మాత్రం అది చాలదు. ఎవరు ఎంత తిన్నారు, ఎన్ని నీళ్లు తాగారు, రాత్రి ఎన్నిసార్లు లేచారు అన్నది రోజూ జపనీస్‌లో రికార్డు రాయాలి.

రెండు రాష్ట్రాల నైపుణ్య శిక్షణ సంస్థలు తెలుగులో వివరణ ఉండే జపనీస్ పాఠ్యపుస్తకం ఒకటి వేయించాలి. మొదట ఎన్5, ఎన్4 వరకు, ఆడియోతో సహా.

– ఒక జపనీస్ అధ్యాపకుడు, హైదరాబాద్