మామయ్య దాటిన చోటు

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరం అంది నాలుగు రోజులైంది. విశాఖలో ఎండాడ వైపు కొత్త ఇంట్లో చేరారని, అమ్మకు అక్కడి సముద్రపు గాలి బాగా సరిపడిందని చదివి ఎంతో సంతోషించాను. చెల్లెమ్మకు, పిల్లలకు నా ఆశీస్సులు తెలుపు. వెంటనే జవాబు రాయాలని కూర్చున్నాను గానీ, నీ ఉత్తరం చివరి పేరా నన్ను ఆపేసింది. మీ ఇంటి దగ్గర హైవే దాటుతూ పూలమ్ముకునే ఒకావిడ కారు కింద పడిందని రాసి, "మనవాళ్లకు రోడ్డు దాటడం రాదు, చూసుకోకుండా అడ్డం పడతారు" అని ముగించావు. ఆ మాట నేను కూడా చాలా ఏళ్లు అన్నవాడినే. మా మేనమామ పోయిన తరువాత అనలేకపోతున్నాను. ఎందుకో వివరంగా రాస్తాను, ఓపికగా చదువు.

మామయ్య ఊరు నీకు తెలుసు. నకిరేకల్ దాటి సూర్యాపేట వైపు వస్తుంటే రోడ్డుకు ఎడమ పక్కన ఊరు, కుడి పక్కన పొలాలు, చెరువు. మనం వేసవి సెలవులకు వెళ్లిన రోజుల్లో అది 9వ నంబరు జాతీయ రహదారి. రెండు లారీలు ఎదురైతే ఒకటి మట్టిలోకి దిగవలసినంత ఇరుకు. ఇప్పుడు దాని నంబరు 65, నాలుగు వరుసలు, నడుమ డివైడర్. రోడ్డు మారింది గానీ ఊరు మారలేదు. ఇళ్లు ఆ పక్కనే, బావులు ఈ పక్కనే ఉన్నాయి. మామయ్య నలభై ఏళ్లుగా ఉదయం ఒకసారి, పొద్దుగూకే వేళ ఒకసారి అదే చోట దాటేవాడు, ఎందుకంటే ఆ బాట రోడ్డుకంటే పాతది. కొత్త రోడ్డు వేసినప్పుడు అండర్‌పాస్ కట్టారు గానీ అది ఊరి బాటకు ఎదురుగా కాక, అర కిలోమీటరు అవతల ఉంది. అంటే ఎదురుగా కనిపిస్తున్న పొలానికి వెళ్లడానికి అర కిలోమీటరు వెళ్లి, మళ్లీ అర కిలోమీటరు వెనక్కి రావాలి. నెత్తి మీద గడ్డిమోపుతో, చేతిలో పాల క్యానుతో ఎవరు వెళ్తారు చెప్పు? డివైడర్‌లో ఒకచోట రాళ్లు పీకి ఊరివాళ్లే సందు చేసుకున్నారు. ఆ సందు దగ్గరే మామయ్యను కారు గుద్దింది.

ఆయన చూసుకోకుండా దాటాడని పంచనామా రాసిన రోజు అందరూ అన్నారు. నేను ఆ తరువాత చాలాసార్లు ఆ సందు దగ్గర నిలబడ్డాను. ఒక పక్క రెండు వరుసలు కలిపి ఏడు మీటర్ల వెడల్పు. మామూలు మనిషి సెకనుకు మీటరుకు కొంచెం పైగా నడుస్తాడు. కాబట్టి ఆ ఏడు మీటర్లు దాటడానికి ఆరు సెకన్లు, మోకాళ్ల నొప్పులున్న ముసలివారికి ఎనిమిది, తొమ్మిది సెకన్లు పడుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆ ఆరు సెకన్లలో 130 మీటర్లకు పైగా వచ్చేస్తుంది. మామయ్య తల తిప్పి చూసినప్పుడు ఆ కారు చాలా దూరంలో ఉండి ఉంటుంది. ఎడ్లబండ్లను, సైకిళ్లను, పాత అంబాసిడర్ కార్లను చూసి అంచనా కట్టడం నేర్చిన కళ్లు అవి. దూరాన్ని సరిగానే చూశాయి గానీ, వేగాన్ని పట్టుకోలేకపోయాయి. ఎదురుగా మన వైపే వస్తున్న వాహనం వేగాన్ని కంటితో కొలవడం ఎవరికైనా కష్టమే.

కారు నడిపేవాడి వైపు నుంచి కూడా చూడు. మనిషిని చూసి బ్రేకు మీద కాలు వేసేలోపు ఒక సెకను గడుస్తుంది, 80 వేగంలో ఆ సెకనులోనే కారు 22 మీటర్లు ముందుకు పోతుంది. ఆ తరువాత మంచి టైర్లు, పొడి రోడ్డు ఉన్నా ఆగడానికి ఇంకో ముప్పై అయిదు మీటర్లు కావాలి. అంతా కలిపి దాదాపు అరవై మీటర్లు. అదే కారు 40 వేగంతో వస్తే ఇరవై మీటర్లలో ఆగిపోతుంది. వేగం రెట్టింపయితే దెబ్బ తీవ్రత రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. ఈ లెక్క నేను తొమ్మిదో తరగతి పిల్లలకు ఏటా చెబుతాను. మా ఊరి సందు దగ్గర నిలబడ్డాకే అందులోని భయం నాకు అర్థమైంది.

ఇక వెలుతురు సంగతి. మామయ్య పోయింది మార్గశిర మాసపు సాయంత్రం, ఆరున్నర ప్రాంతంలో. మన దేశంలో సాయంత్రం 6 నుంచి 9 గంటల మధ్య ప్రమాదాలు మిగతా వేళలకంటే ఎక్కువగా జరుగుతాయి, దానికి కారణం వెతకడానికి దూరం వెళ్లనక్కర్లేదు. ఆ వేళకే పొలం పనులు ముగించుకుని అందరూ ఇళ్లకు మళ్లుతారు, బస్సులు దిగుతారు, పాలు పోయడానికి కేంద్రానికి నడుస్తారు. ఆ వేళకే చీకటి పడుతుంది. చలికి ఆయన నల్ల గొంగడి కప్పుకున్నాడు. ఎదుటి వాహనాలకు ఇబ్బంది కలగకుండా లైటు డిమ్ చేసుకుని వచ్చే కారుకు, ముదురు రంగు బట్టల్లో ఉన్న మనిషి అరవై మీటర్ల దూరంలో కనిపించడు. సగం దూరం దగ్గరయ్యాక కనిపిస్తాడు. అప్పటికి ఆపడానికి చోటు మిగలదు. పైగా ఎదురు లైట్లు కళ్లలో పడకుండా డివైడర్ మధ్య గన్నేరు మొక్కలు నాటుతారు కదా, సందు దగ్గర అవి మనిషెత్తు పెరిగితే వాటి చాటునుంచి రోడ్డు మీదకు అడుగు పెట్టేదాకా ఆ మనిషి ఎవరికీ అగుపించడు. ఊరి దగ్గరి ఆ రెండు వందల మీటర్లలో ఒక్క దీపపు స్తంభం కూడా అప్పుడు లేదు. అయ్యప్ప మాల వేసుకుని నల్లబట్టల్లో, చీకటిలోనే బారులు తీరి నడిచే స్వాములను చూసినప్పుడల్లా నాకు గుండె దడదడలాడుతుంది.

మరో రెండు సంగతులు మా వైపు ప్రత్యేకం. వరి కోతలయ్యాక కల్లాలు లేని రైతులు వడ్లను రోడ్డు అంచున ఆరబోస్తారు. వాళ్లనూ తప్పు పట్టలేను, తేమ ఎక్కువుందంటే కొనుగోలు కేంద్రంలో వడ్లు తీసుకోరు. కానీ ఆ వడ్ల చుట్టూ పెట్టిన రాళ్లను తప్పించుకుంటూ నడిచేవాడు పరుగెత్తే వాహనాల దారిలోకి జరుగుతాడు. ధాబాల ముందు అంచున నిలిపిన లారీల వల్ల కూడా ఇదే జరుగుతుంది. లారీ ముందు నుంచి మనిషి బయటకు వచ్చేవరకు వెనుక వచ్చేవాడికి కనిపించడు. బస్సు దిగినవాళ్లు ఆ బస్సు ముందు నుంచే దాటితే ఇదే ప్రమాదం; ఆగిన బస్సును దాటుకుని రెండో వరుసలో వచ్చే వాహనం డ్రైవరుకు, బస్సుకు అవతల మనిషి ఉన్నట్టు తెలిసే మార్గమే లేదు. బస్సు కదిలి వెళ్లేదాకా ఆగి దాటమని మా బడి పిల్లలకు రోజూ చెబుతాను. చిన్న పిల్లల సంగతి ఇంకా కష్టం, వాళ్ల ఎత్తుకు మోటారు సైకిలు కూడా అడ్డుగోడే.

నగరంలో కారణాలు వేరుగా కనిపిస్తాయి గానీ మూలం ఒక్కటే. హైదరాబాదులో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు గమనించాను. ఫుట్‌పాత్ ఉన్నట్టే ఉంటుంది. పది అడుగులు నడిస్తే ట్రాన్స్‌ఫార్మరు, దాని తరువాత బళ్లు, ఆపైన నిలిపిన స్కూటర్లు, ఆ తరువాత ఎవరి గేటుకో ఏటవాలుగా పోసిన సిమెంటు. ఫుట్‌పాత్ కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలని, అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదని, రోడ్ల నిర్మాణానికి ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెబుతుంది. ఎక్కి దిగి ఎక్కి దిగి విసిగినవాడు చివరికి రోడ్డు మీదే నడుస్తాడు, అక్కడ దెబ్బ తగిలితే రోడ్డు మీద ఎందుకు నడిచావంటారు. కూడళ్లలో ఫ్రీ లెఫ్ట్ మరో సమస్య. సిగ్నల్ పడింది కదా అని నడిచేవాడు అడుగు వేస్తాడు, కానీ ఎడమకు తిరిగే బళ్లకు ఆ సిగ్నల్‌తో సంబంధం లేదు, వాటి ప్రవాహం ఆగదు. జీబ్రా గీతల మీద బళ్లే నిలబడి ఉంటాయి.

"ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఉండగా కింద నుంచి ఎందుకు దాటాలి" అని కూడా నువ్వు రాశావు. కింద లారీలు పోవాలంటే వంతెన అయిదున్నర మీటర్ల పైన ఉండాలి. అంటే దాదాపు నలభై మెట్లు ఎక్కి, నలభై మెట్లు దిగాలి. అమ్మను ఎక్కించి చూడు. అదే ఉప్పల్ కూడలిలో 2023 జూన్‌లో తెరిచిన స్కైవాక్ చూస్తే తేడా తెలుస్తుంది. దానికి లిఫ్టులు, ఎస్కలేటర్లు ఉన్నాయి, మెట్రో స్టేషనుతో నేరుగా కలిసి ఉంది, కూడలి చుట్టూ ఉంగరంలా తిరిగి ఏ రోడ్డు వైపైనా దింపుతుంది. జనం దాన్ని వాడుతున్నారు. ఎక్కేవారి కాళ్లను దృష్టిలో పెట్టుకుని కట్టారు కాబట్టే వాడుతున్నారని నా నమ్మకం.

ఇది మా ఊరి బాధో, మీ వీధి బాధో మాత్రమే కాదు రఘూ. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణిస్తే, వారిలో 32,825 మంది నడిచి వెళ్తున్నవారేనని కేంద్ర రవాణా శాఖ నివేదికలో ఉంది. రోజుకు తొంభై మంది. దేశంలోని మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారులు రెండు శాతమే అయినా, ఆ ఏడాది మరణాల్లో మూడో వంతుకు పైగా వాటి మీదే జరిగాయి. జాతీయ రహదారి మీద అర కిలోమీటరు నిడివిలో మూడేళ్లలో ప్రాణనష్టమో తీవ్ర గాయాలో కలిగించిన ప్రమాదాలు అయిదు జరిగినా, లేదా పదిమంది మరణించినా దాన్ని బ్లాక్ స్పాట్‌గా గుర్తిస్తారు. అంటే ఒక చోటును ప్రమాదకరమని ఒప్పుకోవడానికి అక్కడ అన్ని కుటుంబాలు ఏడవాలి. ఊరి బాట రోడ్డును ఎక్కడ దాటుతుందో, బడి ఎటు, చెరువు ఎటు అన్నది రోడ్డు గీసే రోజునే ఏ ముసలమ్మను అడిగినా చెబుతుంది. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

కొంత కదలిక లేకపోలేదు. ఆటంకాలు లేని ఫుట్‌పాత్ పాదచారుల హక్కని, అది జీవించే హక్కును కాపాడే రాజ్యాంగంలోని 21వ అధికరణంలో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. మా ఊళ్లో కూడా రెండేళ్లు అర్జీలు పెట్టగా పెట్టగా సందు దగ్గర దీపాలు వచ్చాయి, గన్నేరు మొక్కలు కత్తిరించారు, రోడ్డుకు అడ్డంగా రంబుల్ స్ట్రిప్స్, అంటే బండిని కుదిపి డ్రైవరును హెచ్చరించే ఎత్తైన పట్టీలు, వేశారు. వాటి మీదకు వచ్చేసరికి చాలామంది డ్రైవర్లు వేగం తగ్గించడం నేను కళ్లారా చూశాను. అత్తయ్య ఇప్పటికీ ఆ సందు వైపు చూడకుండా చుట్టూ తిరిగి అండర్‌పాస్ నుంచే పొలానికి వెళ్తుంది.

మీ పూలావిడ సంగతి మళ్లీ ఆలోచించు. ఆమె ఇల్లు ఏ పక్క, పూలు కొనేవారు ఏ పక్క, సిగ్నల్ ఎంత దూరం, అది ఏ వేళ, అక్కడ దీపం వెలుగుతోందా? ఆమె ప్రాణాలకు ముప్పు లేదనే ఆశిస్తున్నాను. గుద్దిన బండి ఆగకుండా పోయి ఉంటే, తీవ్ర గాయాలైనవారికి 50,000 రూపాయలు, మరణిస్తే కుటుంబానికి 2 లక్షలు పరిహారం ఇచ్చే కేంద్ర పథకం ఉందని వాళ్లవాళ్లకు తప్పక చెప్పు. చాలామందికి అది ఉన్నట్టే తెలియదు.

అమ్మ విషయం వేరే రాయాలి. ఆమెకు తెల్లవారుజామునే గుడికి వెళ్లే అలవాటు ఉంది కదా, ఆ గుడి హైవేకు మీ వైపే ఉందా, అవతల ఉందా? అవతలయితే ఈ చలికాలం చీకట్లో ఒంటరిగా పంపవద్దు. లేత రంగు చీర, లేత రంగు శాలువా కట్టుకోమని నా మాటగా చెప్పు, నా మాట ఆమె కాదనదు. సంక్రాంతి సెలవులకు వస్తాను. వచ్చిన మర్నాడు మనిద్దరం అమ్మ వెనకాలే, ఆమె నడకతోనే గుడిదాకా వెళ్దాం. ఎక్కడ ఎంతసేపు ఆగవలసి వస్తుందో, ఎన్ని సెకన్లు పడుతుందో నేను గడియారం పెట్టి రాసుకుంటాను, దీపాలు లేని స్తంభాల నంబర్లు నువ్వు రాసుకో. వాటితో మీ వార్డు కార్యాలయంలో ఇవ్వవలసిన అర్జీ ఆ సాయంత్రమే కూర్చుని రాద్దాం.

నీ
సత్యం