నిద్ర జబ్బు పరిశోధనకు నిధులివ్వండి

సంపాదకులకు,

మా అమ్మాయి ఇంటర్ పరీక్షలో పేపరు మీదే తల వాల్చి నిద్రపోయింది. గట్టిగా నవ్వితే మోకాళ్లు సడలి కూలబడుతుంది. బద్ధకమన్నారు, గాలి సోకిందన్నారు. ఇది నార్కోలెప్సీ అనే నిద్ర జబ్బని తెలియడానికి నాలుగేళ్లు పట్టింది. మెదడులో మెలకువను నిలిపే హైపోక్రెటిన్ కణాలు నశించడం వల్ల ఇలా అవుతుందట. వాటిని సొంత రోగనిరోధక వ్యవస్థే దెబ్బతీస్తోందనడానికి బలమైన ఆధారాలున్నాయి. 2009లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన ఇమ్మాన్యుయెల్ మిన్యో బృందం ఈ జబ్బుకు రోగనిరోధక వ్యవస్థలోని టీ-కణాల జన్యువుతో సంబంధం ఉందని చూపింది. ఈ రోగుల్లో ఎక్కువ మందికి ఉండే, రోగనిరోధక వ్యవస్థకే చెందిన ఒక హెచ్ఎల్ఏ జన్యురకం ఆరోగ్యవంతుల్లోనూ కనిపిస్తుంది. మరి జబ్బు కొందరికే ఎందుకు? మా పిల్లకే ఎందుకు?

హైదరాబాద్‌లో జన్యు పరిశోధనలు చేసే సీసీఎంబీ ఉంది, సీడీఎఫ్‌డీ ఉంది. మన రోగుల జన్యువులపై అధ్యయనానికి కేంద్ర బయోటెక్నాలజీ విభాగం నిధులివ్వాలి. రక్తం ఇవ్వడానికి మా ఇంట్లో ముగ్గురం సిద్ధంగా ఉన్నాం.

– ఓ తల్లి, తెనాలి