నెట్‌వర్కింగ్ ల్యాబ్‌లోకి హామ్ రేడియో రావాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

మా అమ్మాయి నగరంలో ఒక కాలేజీలో కంప్యూటర్ సైన్స్ మూడో ఏడు చదువుతోంది. ల్యాబ్ పరీక్షకి ముందు రోజు రాత్రి సీఆర్‌సీ (వచ్చిన డేటా దారిలో పాడైందో లేదో చూసే లెక్క) ప్రోగ్రామ్ బట్టీ పడుతుంటే, అసలు ప్యాకెట్ (నెట్‌వర్క్‌లో ఒక ముక్కగా పంపే డేటా) ఎందుకు పాడవుతుందమ్మా అని అడిగాను. "అది వైవాలో అడగరు నాన్నా" అంది. అప్పటి నుంచి మనసు ఊరుకోక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాకు హామ్ రేడియో, అంటే వ్యాపారానికి కాకుండా ఆసక్తి కొద్దీ నడుపుకునే రేడియో, లైసెన్స్ ఉంది. ఆ ఆదివారం తనని మేడ మీదికి తీసుకెళ్లి, వాకీటాకీని లాప్‌టాప్ సౌండ్‌కార్డుకి కలిపి, మల్కాజిగిరిలో ఉన్న మిత్రుడి సెట్‌కి ప్యాకెట్లు పంపాను (తనకింకా లైసెన్స్ లేదు కాబట్టి మీట నేనే నొక్కాను). సెకనుకి 1200 బిట్ల వేగం, అంటే 256 బైట్లు వెళ్లడానికి దాదాపు రెండు సెకన్లు, ఆ బరబర చప్పుడు చెవికి వినిపిస్తుంది. యాంటెన్నా ఊడదీస్తే అవతలి నుంచి జవాబు లేదు, సాఫ్ట్‌వేర్ కాసేపు ఆగి మళ్లీ పంపింది, ఇంకా ఆగి మళ్లీ పంపింది. టైమౌట్ అంటే ఏమిటో నేను చెప్పాల్సిన పని పడలేదు.

అసలు పాఠం మౌలాలీ గుట్ట చెప్పింది. తక్కువ పవర్ పెడితే గుట్టకి ఇటు నేను, అటు మిత్రుడు, ఒకరికొకరం వినపడం, కానీ గుట్టెక్కి కూర్చున్న మూడో మిత్రుడికి ఇద్దరం వినిపిస్తాం. దారి ఖాళీగా ఉందనుకుని ఇద్దరం ఒకేసారి పంపితే అతని దగ్గర చాలాసార్లు రెండూ కలిసిపోయి, సీఆర్‌సీ సరిపోలేదని సాఫ్ట్‌వేర్ పారేసింది. "ఓహో, అందుకా నాన్నా!" అంది. 1971లో హవాయి దీవుల్లో కంప్యూటర్లని రేడియోతో కలిపే అలోహానెట్ కట్టినవాళ్లకి ఎదురైంది ఈ ఢీకొట్టుకోవడమే, కాసేపు ఎవరికి తోచినంత వాళ్లు ఆగి మళ్లీ పంపాలన్న వాళ్ల ఉపాయం నుంచే, ఇవాళ కంప్యూటర్లని కేబుల్‌తో కలిపే ఈథర్‌నెట్ ఆలోచన పుట్టింది.

5జీ రోజుల్లో ఈ నత్తనడక రేడియో ఎందుకంటారు. నెమ్మదిగా ఉంది కాబట్టే కదండీ పిల్లలకి లోపల జరిగేది తెలుస్తోంది! పైగా హామ్ రేడియోలో సందేశాన్ని రహస్య సంకేతాల్లో దాచి పంపకూడదు, కాబట్టి పాస్‌వర్డ్ పంపితే వీధిలో ఎవరైనా చదివేస్తారు. ఎన్‌క్రిప్షన్ ఎందుకో అది ఒక్కసారి చూస్తే చాలు.

12 ఏళ్లు నిండినవాళ్లెవరైనా కేంద్ర టెలికాం శాఖ పరీక్ష రాసి లైసెన్స్ తీసుకోవచ్చు. సోమాజిగూడలోనే జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఉంది. ల్యాబ్‌లో కంప్యూటర్లు ఉన్నాయి, సాఫ్ట్‌వేర్ ఉచితం, కొనాల్సింది రెండు మూడు సెట్లు, యాంటెన్నాలు. జేఎన్‌టీయూ నెట్‌వర్క్స్ ల్యాబ్‌లో కనీసం నాలుగు వారాలు దీనికి కేటాయించాలి, లైసెన్స్ తెచ్చుకున్న విద్యార్థికి క్రెడిట్ ఇవ్వాలి, ముందు ఒక్కో కాలేజీలో ఒక లెక్చరర్ అయినా ఆ పరీక్ష రాయాలి. ఏ కాలేజీ పిలిచినా శనివారాలు నా సెట్ పట్టుకుని వస్తాను, డబ్బులేమీ అక్కర్లేదు.

ఇట్లు,
ఒక హామ్ రేడియో ఆపరేటర్,
కుషాయిగూడ, హైదరాబాద్