దెబ్బ తగిలిన మొదట్లోనే ఆ పది ప్రశ్నలు అడిగించండి

కేంద్ర కార్మిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఈఎస్‌ఐ కార్పొరేషన్‌కు అధ్యక్షులు మీరే కాబట్టి ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను. నేను ఫిజియోథెరపిస్టుని. పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీల నుంచి నడుము, భుజం దెబ్బలతో వచ్చేవాళ్లను చూస్తుంటాను.

బస్తా ఎత్తబోయి నడుం పట్టేసిన లోడింగ్ కార్మికుడొకరు వచ్చారు. ఎక్స్‌రేలో ఏమీ లేదు. కొద్ది రోజుల్లోనే వంగగలిగారు. కానీ "మళ్లీ బస్తా ఎత్తితే నడుం విరిగిపోద్ది మేడమ్" అన్న మాట వదల్లేదు. రాత్రిళ్లు నిద్ర లేదు. కాంట్రాక్టర్ ఇంకొకరిని పెట్టేసుకుంటాడేమోనని టెన్షన్. డాక్టర్లు సెలవు సర్టిఫికెట్ పొడిగిస్తూ పోయారే గానీ ఆ భయం సంగతి ఎవరూ అడగలేదు. చివరికి ఆయన ఆ పనే మానేశారు.

ఇలాంటివాళ్లను చాలావరకు ముందే గుర్తుపట్టొచ్చు. స్వీడన్‌లోని ఒరెబ్రోలో స్టీవెన్ లింటన్ తయారుచేసిన ప్రశ్నావళికి పది ప్రశ్నల చిన్న రూపం ఉంది. నొప్పి ఎంత, నిద్ర పడుతోందా, దిగులుగా ఉందా, మూడు నెలల్లో మామూలు పని చేయగలనన్న నమ్మకం ఎంత, ఇలా ఉంటాయి. స్కోరు వందకు 50 దాటితే, ఆ మనిషి మళ్లీ పనిలోకి వెళ్లడం కష్టమయ్యే ముప్పు ఉందని జాగ్రత్త పడాలి. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వాసుపత్రుల సిబ్బందిని, గాయపడిన మొదటి వారాల్లోనే ఈ ప్రశ్నలు అడిగి, స్కోరు ఎక్కువున్నవాళ్లకు సైకాలజిస్టు సాయం ఇప్పించారు. మామూలు పద్ధతిలో వైద్యం అందినవాళ్లకంటే వీళ్లకు పోయిన పనిదినాలు బాగా తగ్గాయి.

పనిలో దెబ్బ తగిలి కొన్నాళ్లు పనికి వెళ్లలేకపోతే, తాత్కాలిక వైకల్యం కింద మన ఈఎస్‌ఐ జీతంలో 90 శాతం ఇస్తుంది. ఎంతో మేలు. వేరే పని నేర్పించే పథకం మాత్రం 40 శాతం శాశ్వత వైకల్యం తేలాకే, అదీ 45 ఏళ్ల లోపువాళ్లకే. ఎక్స్‌రేలో ఏమీ కనపడని నడుం నొప్పికి అది అందేదెప్పుడు?

డిస్పెన్సరీలో మొదటి సర్టిఫికెట్ రాసేటప్పుడే ఈ ప్రశ్నలు అడిగించండి. తెలుగుతోపాటు హిందీ, ఒడియాల్లోనూ ఉండాలి. చదవలేనివాళ్లకు నర్సు చదివి వినిపించాలి. 50 అన్న గీత మన కార్మికులకు సరిపోతుందో లేదో ముందు పరీక్షించాలి.

ఒక్కటి మాత్రం గట్టిగా అడుగుతున్నాను. ఆ స్కోరు యాజమాన్యం చేతికి వెళ్లకూడదు, దాన్ని చూపి పైసా భత్యం కూడా ఆపకూడదు. స్కోరు ఎక్కువని తెలిస్తే కాంట్రాక్టర్ ఆ మనిషిని గేటు దాటనివ్వడు. ఈ మేరకు రాతపూర్వకంగా ఉత్తర్వులిచ్చి, పటాన్‌చెరు, జీడిమెట్ల కార్మికులు వెళ్లే డిస్పెన్సరీల్లో ముందు మొదలుపెట్టించండి.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు