ఆ ‘ఒక్క మందపాటి స్వెటర్’ సలహా గురించి

సంపాదకులకు నమస్కారం.

వసంతంలో కొండలెక్కేవాళ్ల కోసం మీరు వేసిన వ్యాసం చదివాను. దారి గురించి, నీళ్ల గురించి రాసినవి బాగున్నాయి. బట్టల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘మందపాటి ఉన్ని స్వెటర్ ఒకటి వేసుకుంటే చాలు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ముప్పై ఏళ్లుగా స్వెటర్లు అల్లుతున్న మనిషిని. ఉన్నిని పొగిడితే నాకు సంతోషమే. కానీ అలాంటి సలహానే నమ్మి ఒకసారి బాగా ఇబ్బంది పడ్డాను కాబట్టి ఈ ఉత్తరం.

అప్పట్లో నా లెక్కా అదే. లోపల కాటన్ బనియన్, దానిమీద నేనే అల్లుకున్న లావుపాటి స్వెటర్, పైన ప్లాస్టిక్ రెయిన్‌కోటు. పొద్దున్నే చలిగా ఉందని మూడూ వేసుకుని బయల్దేరాను. అరగంట ఎక్కేసరికి ఒళ్లంతా చెమట. తీద్దామంటే లోపల తడిసిన బనియన్ ఒక్కటే ఉంది, తీయకపోతే ఉడికిపోతున్నాను. ఎలాగో పైకి చేరి రాయి మీద కూర్చున్నాను. అయిదు నిమిషాలు కూడా కాలేదు, శిఖరం మీద గాలి మొదలైంది. వీపుకి బనియన్ తడిగుడ్డలా అతుక్కుపోయింది, పళ్లు టకటకలాడాయి. ఎండ కాస్తూనే ఉంది, నేను వణుకుతూనే ఉన్నాను. పక్కనున్నవాళ్లు జ్వరమేమో అనుకున్నారు.

తప్పు స్వెటర్‌ది కాదు, దాని కింద వేసుకున్నదానిది. కాటన్ చెమటని పీల్చుకుని వదలదు. నీళ్లు గాలికంటే దాదాపు పాతిక రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తాయి. ఉన్ని సంగతి వేరు. దాని పోగు పైపొర నీటిని తోసేస్తుంది, లోపలి భాగం మాత్రం ఆవిరిని పీల్చుకుంటుంది. తన బరువులో సుమారు మూడో వంతు దాకా ఆవిరి పట్టినా చేతికి తడి తగలదు. పైగా అలా పీల్చుకునేటప్పుడు కాస్త వేడిని కూడా విడుదల చేస్తుంది. చెమట ఇంకా ఆవిరిగా ఉండగానే ఒంటికి ఆనుకున్న బట్ట పట్టుకోవాలి. అందుకే ఉన్ని ఉండాల్సింది ఒంటికి ఆనుకునే చోట, అదీ పలుచగా.

‘ఒంటికి ఆనుకుని ఉన్నియా? దురద!’ అంటారని తెలుసు. నేనూ అన్నాను. ముతక ఉన్ని పోగు మందం 30 మైక్రాన్ల పైన ఉంటే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), దాని కొసలు చర్మానికి గుచ్చుకుని నిజంగానే దురద పెడతాయి. ట్రెక్కింగ్ కోసం అమ్మే మెరీనో (సన్నటి ఉన్నినిచ్చే గొర్రె జాతి) బనియన్లలో పోగు చాలావరకు 17 నుంచి 19 మైక్రాన్లు. అంత సన్నటి పోగు చర్మానికి తగిలితే గుచ్చుకోకుండా వంగిపోతుంది. నా అల్లిక ఉన్నినీ దాన్నీ పక్కపక్కన పెట్టి బొటనవేలితో రుద్ది చూశాను. ఒకటి గోనెసంచి, ఇంకొకటి పసిపాప జుట్టు. చెప్పడానికి కొంచెం అవమానంగానే ఉంది.

ఇప్పుడు నా పద్ధతి ఇది. ఒంటికి 150 జీఎస్ఎం (చదరపు మీటరు బట్ట బరువు, గ్రాముల్లో) మెరీనో, పొడుగు చేతులది. దాని మీద 200 జీఎస్ఎం ఉన్నిది ఇంకొకటి, ముందు జిప్పు ఉన్నది. అల్లేవాళ్లకి జిప్పంటే చిన్నచూపు, బొత్తాలే అందమంటాం. కానీ ఎక్కుతూ ఎక్కుతూ ఆగకుండా మెడ దగ్గర జానెడు తెరుచుకోవడానికి జిప్పును మించింది లేదని ఒప్పుకున్నాను. ఇక సంచిలో పలుచటి విండ్‌చీటర్. అల్లిన బట్టని వెలుతురుకి అడ్డం పెట్టి చూడండి, జల్లెడలా కనబడుతుంది. ఉన్ని ఎంత మంచిదైనా ఆ కన్నాల్లోంచి గాలి దూసుకుపోతుంది. గాలిని ఆపే పని విండ్‌చీటర్‌కే వదిలేయాలి. రెండో పొర కాస్త వదులుగా ఉండాలి. బిగుతుగా ఉంటే ఉన్ని మెలికల్లో నిలిచే గాలి నలిగిపోతుంది. మన వెచ్చదనమంతా ఆ గాలిదే.

మీ వ్యాసంలో అసలు లేనిది, ఎప్పుడు తీయాలి అన్నది. బయల్దేరేటప్పుడు కొంచెం చలేయాలి. వెయ్యకపోతే ఎక్కువ వేసుకున్నట్టే. పావుగంట నడిచాక ఆగి, చెమట పట్టకముందే పైది తీసి సంచిలో పెట్టాలి. ‘ఇంకో మలుపు దాటాక తీద్దాంలే’ అనుకుంటాం చూడండి, సరిగ్గా అక్కడే చెడుతుంది. మెడ వెనక వేళ్లు పెట్టి చూస్తాను. తేమ తగిలితే అప్పటికే ఆలస్యమైందని లెక్క. పైకి చేరాక దీనికి సరిగ్గా వ్యతిరేకం: నీళ్ల సీసా మూత తీయకముందే, ఒళ్లింకా వేడిగా ఉండగానే, తీసినవన్నీ మళ్లీ వేసేసుకోవాలి. వెయ్యి మీటర్ల ఎత్తుకి సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. కింద 14 ఉంటే పైన ఏడెనిమిది, గాలి వీస్తే ఇంకా తక్కువ అనిపిస్తుంది. వసంతంలో కింద పువ్వులు చూసి పైన కూడా అలాగే ఉంటుందనుకోవడమే మన పొరపాటు.

‘పాతకాలం పర్వతారోహకులు ఒక్క స్వెటర్‌తో ఎక్కేవారు’ అని కూడా రాశారు. బ్రిటిష్ పర్వతారోహకుడు జార్జ్ మలొరీ 1924లో ఎవరెస్టు మీద వేసుకున్నవి పట్టు, నూలు, ఉన్ని పలుచని పొరలు, వాటిపైన గాలి ఆపే గాబర్డీన్ అనే దట్టమైన నేత బట్ట. 1999లో ఆయన మృతదేహం దొరికినప్పుడు ఆ బట్టల ముక్కలు కూడా దొరికాయి. 2006లో వాటి నమూనాలు కుట్టించి కొండమీదే వేసుకుని చూశారు కూడా. వందేళ్ల కిందటే ఒకదానిమీద ఒకటి వేసుకోవడం వాళ్లకి బాగా తెలుసు.

ఉన్నిని దేవుణ్ని చేయడం నా ఉద్దేశం కాదు. పూర్తిగా నానిందంటే పాలిస్టర్ కంటే చాలా నెమ్మదిగా ఆరుతుంది, బరువెక్కుతుంది. సంచి పట్టీలు రాసుకునే భుజాల దగ్గర పలుచటి మెరీనో తొందరగా చిరుగుతుంది. నాది రెండో ఏటికే చిల్లులు పడింది. కాస్త నైలాన్ కలిసినదైతే నయం. అయితే రెండు రోజులు వరసగా వేసుకున్నా వాసన రాకపోవడం దీనికే చెల్లింది. సింథటిక్ బనియన్ అయితే మొదటి సాయంత్రానికే పక్కవాళ్లు దూరం జరుగుతారు.

నన్ను వణికించిన ఆ స్వెటర్ ఏమైందంటారా? కోపంతో వేడినీళ్లలో పడేసి గట్టిగా ఉతికాను. ఉన్ని పోగుకి సన్నటి పొలుసులుంటాయి. వేడికి, రుద్దుడికి అవి ఒకదానిలో ఒకటి ఇరుక్కుపోతే ఇక విడవవు. చిన్నపిల్లల స్వెటరంత అయి, అట్టలా గట్టిపడింది. ఇప్పుడు సంచి అడుగున ఉంటుంది, తడిరాళ్ల మీద వేసుకుని కూర్చుంటాను.

ఇట్లు,
మీ పాఠకురాలు