గ్రనాడాలో నాకు స్పానిష్ వచ్చేలా చేసినవాళ్లకు కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. గ్రనాడా యూనివర్సిటీ నుంచి నా సెమిస్టర్ మార్కులు వచ్చాయి. తీసుకున్న సబ్జెక్టులన్నీ పాసయ్యాను. నీటి శాస్త్రం హైడ్రాలజీలో ‘నోతాబ్లే’ వచ్చింది. స్పెయిన్‌లో మార్కులు పదికి వేస్తారు, అయిదు వస్తే పాస్, ఏడు నుంచి తొమ్మిది లోపు వస్తే నోతాబ్లే. ఫిబ్రవరిలో క్లాసులో కూర్చుంటే బోర్డు మీది సమీకరణాలు తప్ప ఇంకేదీ అర్థమయ్యేది కాదు. జూన్‌లో అదే సబ్జెక్టు పరీక్ష స్పానిష్‌లో రాశాను. మధ్యలో నన్ను పట్టుకుని నడిపించినవాళ్లు చాలామంది ఉన్నారు. అక్కడివాళ్లకు స్పానిష్‌లో విడివిడిగా ఉత్తరాలు రాశాను. వాళ్లు నాకు ఏం చేశారో మన వాళ్లకూ తెలియాలని ఇది రాస్తున్నాను. కొందరు పేరు వద్దన్నారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు.

ముందుగా మాద్రిద్‌లో ఉద్యోగం చేసే ఖమ్మం అక్కకు. వీసా కాగితాల దగ్గర నుంచి ఆమే దిక్కు. ఆరోగ్య బీమా ఎలాంటిది ఉండాలి, ఏ కాగితానికి స్పానిష్ అనువాదం చేయించాలి, డబ్బు ఉన్నట్టు ఏం చూపించాలి, అన్నీ ఓపిగ్గా చెప్పింది. వెళ్లిన కొత్తలో ఒక ఆఫీసు కౌంటర్ దగ్గర నేను చెప్పేది వాళ్లకు, వాళ్లు చెప్పేది నాకు అర్థం కాక వెనక్కి పంపేస్తే, బయట మెట్ల మీద కూర్చుని ఆమెకు ఫోన్ చేశాను. ‘ఏడవకు, మళ్లీ లోపలికి వెళ్లు, నేను లైన్‌లోనే ఉంటాను’ అంది. ఫోన్ కౌంటర్‌లో ఇచ్చి తనే మాట్లాడేస్తే అయిదు నిమిషాల్లో అయిపోయేది. అలా చేయలేదు. నా చెవిలో ఒక్కో వాక్యం చెబుతూ నా చేతే మాట్లాడించింది. అక్కా, ఆ రోజు తర్వాత ఏ కౌంటర్ దగ్గరికి వెళ్లాలన్నా నాకు కాళ్లు వణకలేదు.

వెళ్లే ముందు హైదరాబాద్‌లో ట్యూషన్ పెట్టుకుని స్పానిష్ నేర్చుకున్నాను. ఏ2, అంటే ఆరు స్థాయిల్లో రెండోది, పూర్తయింది. ఫోన్‌లో భాషలు నేర్పే డువోలింగో యాప్ రోజూ చేసేదాన్ని. అయితే గ్రనాడా ఉన్నది స్పెయిన్ దక్షిణాన ఉన్న అందలూసియా ప్రాంతంలో. అక్కడి మాట తీరు వేరు. పదం చివర వచ్చే ‘స్’ని దాదాపు పలకరు. ‘లాస్ కాసాస్’ అని పుస్తకంలో ఉన్నది ‘లా కాసా’లా వినిపిస్తుంది. ఒక ఇల్లా, చాలా ఇళ్లా అన్నది చివరి అచ్చును ఎంత నోరు తెరిచి పలికారన్న దాన్ని బట్టి గ్రహించాలి. ‘పెస్కాదో’ అనే చేప ‘పెస్కావో’ అవుతుంది. ‘ఏమీ లేదు’ అని చెప్పే ‘నాదా’ ఉత్త ‘నా’ అయిపోతుంది. పైగా మాట వేగం. తరగతిలో ప్రొఫెసర్ జోక్ చెబితే అందరూ నవ్వేవాళ్లు, నేను చుట్టూ చూసేదాన్ని. మొదటి కొన్ని వారాలు రాత్రయ్యేసరికి తల బరువెక్కిపోయేది. రోజంతా చెవులు రిక్కించి విన్న అలసట అది. భాష రాని చోట చదువుకున్నవాళ్లకే అది తెలుస్తుంది.

అప్పుడు నన్ను నిలబెట్టింది మా ఇంటావిడ. సైదీన్ అనే పేటలో ఒంటరిగా ఉండే పెద్దావిడ. ఆమె ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. స్పానిష్‌లో కూడా మనకు లాగే ‘మీరు’, ‘నువ్వు’ ఉన్నాయి. నేను మర్యాదగా ‘ఉస్తెద్’ అని మొదలుపెడితే ఆవిడ చెయ్యి అడ్డంగా ఊపి ‘తూ’ అనమంది. డెబ్బై దాటిన మనిషిని నువ్వు అనడానికి నోరు రావడమే కష్టమైంది. తర్వాత చూస్తే ఆ ఊళ్లో విద్యార్థులు ప్రొఫెసర్లను కూడా చాలామంది అలాగే పిలుస్తున్నారు.

ఆవిడ నాకు పాఠం ఏదీ చెప్పలేదు. వంట చేస్తూ చేస్తున్న ప్రతి పనినీ పైకి చెప్పేది. ఉల్లిపాయ తొక్క తీస్తున్నా, వెల్లుల్లి చిదుముతున్నా, ఇదిగో నూనె వేడెక్కింది, ఇప్పుడు మిరప పొడి వేస్తున్నా, మాడకముందే నీళ్లు పొయ్యాలి అంటూ. రెండో వారం నుంచి ఆవిడ స్టూల్ మీద కూర్చుని నన్ను చేయమంది. అదే మాట నాకు చెప్పేటప్పుడు క్రియ ఎలా మారుతుందో, నేను తిరిగి చెప్పేటప్పుడు ఎలా మారాలో ఆ పొయ్యి దగ్గరే పట్టుబడింది. ఆవిడ చేసే ‘లెంతేహాస్’ అంటే కందిపప్పుకు దగ్గరి చుట్టం లాంటి మసూర్ వంట. అందులోకి నేను ఇంటి నుంచి తీసుకెళ్లిన కారప్పొడి కొంచెం కలిపితే ఆవిడకు కళ్ల నీళ్లు వచ్చాయి, అయినా మళ్లీ వేయమంది. అక్కడ రాత్రి భోజనం తొమ్మిదిన్నరకు. తిన్నాక రేడియోలో వార్తలు పెట్టి, ఒక్కో వార్త అయ్యాక ఆపి, ఏం అర్థమైందో చెప్పమనేది. నేను వెతుక్కుంటూ చెబుతుంటే గడియారం చూడకుండా కూర్చునేది. ఆమె పిల్లలు వేరే ఊళ్లలో ఉంటారు. వాళ్లు ఫోన్ చేసినప్పుడు ‘అమ్మాయి ఇవాళ ఏం చెప్పిందో తెలుసా’ అని మొదలుపెట్టేది. అమ్మా అని పిలవాలనిపించేది. చివరి నెలలో పిలిచాను కూడా.

యూనివర్సిటీ స్పానిష్ క్లాసు టీచర్‌కు ప్రత్యేకంగా చెప్పాలి. తరగతిలో జర్మన్లు, అమెరికన్లు, ఇటాలియన్లు ఉండేవాళ్లు. ఇటాలియన్లకు భాష సగం ముందే వచ్చినట్టు. నేనొక్కదాన్నే వెనకబడుతున్నానని టెన్షన్ పడుతుంటే, టీచర్ ఒకరోజు తరగతి అయ్యాక ఆగమని, మీ భాషలో ‘నాకు తల నొప్పిగా ఉంది’ అని పదం తర్వాత పదం ఎలా వస్తుందో బోర్డు మీద రాయమన్నారు. రాశాను. కింద ఆమె స్పానిష్ వాక్యం రాశారు. రెండింటిలోనూ నొప్పి ‘నాకు’. ‘నాకు సినిమా నచ్చింది’ అన్నదీ అంతే. అమెరికా పిల్లలు ఎన్ని వారాలైనా తడబడే ‘మే గుస్తా’ (నాకు నచ్చుతుంది) మనకు పుట్టుకతో వచ్చిన వాక్యం. క్రియ చివరను బట్టి ఎవరు చేశారో తెలుస్తుంది కాబట్టి నేను, నువ్వు అని ప్రతిసారీ చెప్పక్కర్లేదు, అది కూడా మనకున్నదే. త, ద లను మనం పళ్లకు ఆనించి పలుకుతాం, వాళ్లూ అంతే. మీరు ఇంగ్లిష్ మీదుగా స్పానిష్‌కు రావడం మానేసి తెలుగు నుంచి నేరుగా రండి అన్నారు. ఆ సలహా నాకు చాలా పనికొచ్చింది. ఇప్పుడు ఎవరైనా తెలుగువాళ్లు స్పానిష్ నేర్చుకుంటానంటే ముందు ఇదే చెబుతాను. వస్తువులకు ఆడ, మగ తేడాలు మాత్రం కంఠతా పట్టాల్సిందే, దానికి తెలుగు సాయం చేయదు.

ప్రొఫెసర్‌కూ కృతజ్ఞతలు. అక్కడ ప్రతి అధ్యాపకుడికీ ‘తుతోరియా’ అని వారంలో కొన్ని గంటలు ఉంటాయి, విద్యార్థులు వెళ్లి సందేహాలు అడగవచ్చు. నేను ప్రతివారం వెళ్లేదాన్ని. ప్రొఫెసర్ ఒక్కసారి కూడా ఇంగ్లిష్‌లోకి మారలేదు. నిదానంగా మాట్లాడేవారు, బొమ్మ గీసేవారు. పరీక్షలో డిక్షనరీ వాడుకోనిచ్చారు. నోట్స్‌ను అక్కడ ‘అపూంతెస్’ అంటారు. నా పక్కన కూర్చునే అమ్మాయి తన అపూంతెస్ ప్రతి సాయంత్రం ఫొటో తీసి పంపేది, చేతిరాత నాకు అర్థం కావాలని విడివిడి అక్షరాల్లో రాసేది.

ఆ అమ్మాయే నన్ను అల్పుహర్రాకు తీసుకెళ్లింది. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

గ్రనాడాకు దక్షిణంగా సియెర్రా నెవాదా పర్వతాల వాలు మీద ఉన్న ఊళ్ల ప్రాంతం అల్పుహర్రా. పర్వతాల్లో అన్నిటికన్నా ఎత్తయిన ముల్హాసెన్ దాదాపు 3,480 మీటర్లు. చలికాలమంతా పైన మంచు ఉంటుంది, ఎండాకాలంలో కింద వాన చుక్క పడదు. ముస్లిం రాజుల కాలంలో అక్కడివాళ్లు కొండవాలు వెంబడి కాలువలు తవ్వారు. వాటిని అథేకియాలు అంటారు. వాటిలో ‘కరేయో’ అనే రకం చాలా గొప్పది. వసంతంలో కరిగిన మంచు నీళ్లను నదిలో కొట్టుకుపోనీయకుండా పక్కకు మళ్లించి, నేల బాగా ఇంకించుకునే చోట వదిలేస్తారు. ఆ నీళ్లు లోపల మెల్లగా దిగి, కొన్ని వారాలకో నెలలకో కింది ఊళ్ల ఊటల్లో పైకి వస్తాయి. సరిగ్గా ఎండాకాలానికి. ఊళ్లలో జనం తగ్గిపోయి ఈ కాలువలు చాలావరకు పూడిపోయాయి. యూనివర్సిటీ పురావస్తు పరిశోధకులు, రైతు సంఘాలు, వాలంటీర్లు కలిసి కొన్నేళ్లుగా వాటిని మళ్లీ పారిస్తున్నారు.

నేను జనగామ దగ్గరి పల్లెటూరి పిల్లని. గొలుసుకట్టు చెరువుల మధ్య పెరిగాను. మిషన్ కాకతీయలో మా చెరువు పూడిక తీస్తున్నప్పుడు తాతతో కట్ట మీద నిలబడి చూశాను. కాబట్టి పార చేతికివ్వగానే ఏం చేయాలో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. రాళ్లు ఏ పక్కన పేర్చాలో, మట్టి ఎంత లోతు తీయాలో చూస్తే తెలిసిపోతుంది. పని తెలిసిన చోట భాష ఎంత తేలికవుతుందో అక్కడ చూశాను. ఆ కాలువ చూసుకునే పెద్దాయనను ‘అథేకియేరో’ అంటారు. ఆయన యాస ఇంకా గట్టిది, అయినా ఆయన మాట నాకు యూనివర్సిటీలో కన్నా త్వరగా అందింది. ‘కువాందో వెంగా ఎల్ ఆగువా’, నీళ్లు వచ్చినప్పుడు ఈ రాయి తీయాలి, నీళ్లు వచ్చినప్పుడు ఈ గండి మూయాలి. ఇంకా రాని నీళ్ల గురించి మాట్లాడేటప్పుడు క్రియకు వేరే రూపం రావాలని పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా మనసుకు పట్టలేదు. కాలువలో నిలబడి విన్నాక మర్చిపోలేదు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆయన మా ఊరి గురించి అడిగారు. మా దగ్గరా మీలాంటి మనిషి ఉండేవాడని, నీరటి అంటారని, తూము ఎత్తి ఎవరి మడికి ఎంత నీళ్లు పోవాలో చూసేవాడని, పంట వచ్చాక రైతులు ఆయనకు ధాన్యం కొలిచేవాళ్లని చెప్పడం మొదలుపెట్టాను. తూముకు ఏమనాలో తెలియదు, మత్తడికి ఏమనాలో తెలియదు. మట్టిలో పుల్లతో గీస్తూ చెబుతున్నాను. ఒక కుర్రాడు సాయం చేద్దామని నన్ను ఇంగ్లిష్‌లో చెప్పమని, తను అనువదిస్తానని అన్నాడు. పెద్దాయన ఆపారు. ‘అమ్మాయి చెబుతోంది కదా, చెప్పనీ’ అన్నారు. అంతే, అందరూ రొట్టెలు చేతిలో పట్టుకుని నేను పూర్తి చేసేదాకా కూర్చున్నారు. నా జీవితంలో అంత శ్రద్ధగా నన్ను ఎవరూ వినలేదు. చివరికి ఆయనే ఒక్కో గీత మీద వేలు పెట్టి దానికి వాళ్ల పేరు చెప్పారు. ఆ రోజు నుంచి నాకు స్పానిష్ అంటే భయం లేదు.

ఆ వారమే ప్రొఫెసర్ దగ్గరికి వెళ్లి, క్లాసులో నేను ఇవ్వాల్సిన ప్రసంగానికి అంశం మార్చుకుంటానని అడిగాను. గ్రనాడాలో ముస్లిం రాజుల కోట ఆల్హంబ్రాకు దార్రో నది నుంచి నీళ్లు తెచ్చిన అథేకియా రియల్ ఒక పక్క, మన పాకాల, రామప్ప చెరువులు ఇంకో పక్క. అవన్నీ 13వ శతాబ్దానివే. రాజుల కోట కొండ మీద ఉంటే నీటిని పైకి ఎలా రప్పించారు, రాజులు చెరువు కడితే ఊళ్లకు నీళ్లు ఎలా చేరాయి, ఇవే నా ప్రసంగంలో మాట్లాడాను. ప్రశ్నలు వచ్చాయి, జవాబులు చెప్పాను. వెనక వరసలో మా ఇంటావిడ కూర్చుని ఉంది. వస్తానని నాకు ముందు చెప్పలేదు, ప్రొఫెసర్‌ని అడిగి వచ్చిందట.

జ్వరం వచ్చినప్పుడు మందు ఏ పూటకు ఎన్ని వేసుకోవాలో డబ్బా మీద బొమ్మలు గీసి ఇచ్చిన మా వీధి మందుల షాపు ఆవిడకు, ఆదివారాలు నదీతీరంలో నడుస్తూ గంట స్పానిష్, గంట ఇంగ్లిష్ మాట్లాడిన స్నేహితులకు, ఉగాదికి బార్సిలోనా నుంచి పచ్చడి కలిపే కొలతలు వీడియో కాల్‌లో చూపించిన తెలుగు విద్యార్థులకు కూడా కృతజ్ఞతలు. వేపపువ్వు దొరకలేదు, మిగతావన్నీ కుదిరాయి. అప్పు చేసి పంపిన అమ్మానాన్నలకు ఏం చెప్పినా తక్కువే. తాతకు ఆ అథేకియేరో ఫొటో చూపిస్తే, ఫోన్ దగ్గరికి జరుపుకుని ఆయన చేతిలోని పార ఎంతసేపు చూశాడో.

పెద్దాయన చెప్పిన పేర్లు, తాత చెప్పిన పేర్లు కలిపి చెరువు, కాలువ పనికి సంబంధించిన మాటల పట్టిక ఒకటి తెలుగు, స్పానిష్‌లలో తయారు చేశాను. సివిల్ ఇంజనీరింగ్ చదివేవాళ్లు, స్పెయిన్ వెళ్లేవాళ్లు ఎవరికైనా కావాలంటే కింద రాయండి, పంపిస్తాను. వీసా, గది, సబ్జెక్టుల ఎంపిక గురించి అడిగినా తెలిసినంత చెబుతాను. వచ్చే ఫిబ్రవరిలో మా కాలేజీ నుంచి ఇద్దరు జూనియర్లు గ్రనాడా వెళ్తున్నారు. వాళ్లలో ఒకమ్మాయికి సైదీన్‌లోని ఆ గది ఇస్తానని, వచ్చేటప్పుడు కారప్పొడి మర్చిపోవద్దని ఆవిడ అప్పుడే చెప్పేసింది.