తనిఖీ అయింది, ఇంక థాంక్స్ చెప్పే పని మిగిలింది

అందరికీ నమస్కారం. విజయనగరం తోటపాలెంలో మా ఇంట్లో నడుస్తున్న పిల్లల డే కేర్‌కి తనిఖీ అయిపోయింది. రెండు చిన్న సూచనలు చెప్పి, మిగతాదంతా బాగుందని రాసుకుని వెళ్లారు. వాట్సాప్‌లో "అయిపోయిందండీ" అని ఒక్క ముక్క పెట్టి ఊరుకున్నాను గానీ, ఇందులో ఎంతమంది కష్టం ఉందో రాయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. పేర్లు మాత్రం వేయడం లేదు. "మా పేరు వేశావంటే మళ్లీ నీ గడప తొక్కం" అని ఇద్దరు ముందే చెప్పేశారు. ఎవరి గురించి రాస్తున్నానో వాళ్లకి తెలుస్తుంది, మా వీధికీ తెలుస్తుంది.

సంగతి తెలియనివారికి కొంచెం చెబుతాను. పగటిపూట మా ఇంట్లో ఎనిమిది మంది పిల్లలుంటారు. వాళ్ల అమ్మల్లో నర్సులున్నారు, టీచర్లున్నారు, పొద్దున్నే చీపురుపల్లి రైలెక్కే బ్యాంకు ఉద్యోగి ఒకరున్నారు. నాకు సాయంగా ఒక అమ్మాయి ఉంటుంది. ఇన్నాళ్లూ అంతా నమ్మకం మీదే నడిచింది. ఈమధ్య మాకు దగ్గర్లోనే ఉన్న ఒక కంపెనీవాళ్లు, తమ దగ్గర పనిచేసే తల్లుల పిల్లల్ని మా దగ్గర ఉంచుతామని వచ్చారు. యాభై మంది, అంతకు పైన ఉద్యోగులున్న చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలని, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని 2017లో ప్రసూతి చట్టానికి సవరణ చేశారు కదా, దాని కోసం. మంచిదే అనుకున్నాను. అయితే ఒప్పుకునే ముందు కంపెనీవాళ్లతో పాటు మహిళా శిశు సంక్షేమ శాఖ అధికారులు కూడా వచ్చి ఇల్లు చూస్తారన్నారు. అక్కడ మొదలైంది టెన్షన్.

తనిఖీ అనగానే మా ఇంట్లో అందరికీ ముందు గోడలే గుర్తొచ్చాయి. మా ఆయన పెయింటర్‌తో బేరం మొదలెట్టారు. మా అత్తగారు కొత్త కర్టెన్లు అన్నారు. సరిగ్గా అప్పుడే వచ్చారు మా వెనక వీధి సూపర్‌వైజరమ్మ గారు. అంగన్‌వాడీ టీచరుగా చేరి, సూపర్‌వైజరుగా రిటైరైన మనిషి. గుమ్మంలో నిలబడే, "ఏటమ్మా, ఆళ్లు గోడలు చూడ్డానికొస్తన్నారా, పిల్లల్ని చూడ్డానికొస్తన్నారా? ముందు ఆ పెయింటర్ని పంపీ" అన్నారు. నేను ఏదో సర్దిచెప్పబోతే, "అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ పెట్టింది 1975 గాంధీ జయంతికి. అది నీకంటే పెద్దది, నేను దానికంటే పెద్ద. చెప్పింది విను" అన్నారు. ఇంకేం మాట్లాడతాం.

ఆవిడ చేసిన పని జన్మలో మర్చిపోను. చీర కుచ్చిళ్లు దోపుకుని, మోకాళ్ల మీద మా హాలంతా పాకారు. డెబ్బై దగ్గరపడ్డ మనిషి. "పాకే పిల్లకి కనబడేది నీకు కనబడదు, కూచుంటే గానీ తెలీదు" అని నన్నూ పాకించారు. అలా పాకుతూ పోతే ఏం దొరికాయో రాస్తాను, ఇళ్లలో పిల్లలున్నవాళ్లకి పనికొస్తుంది. బీరువా అడుగు సొరుగులో కలరా ఉండలు. అవి తెల్లగా, గుండ్రంగా పంచదార బిళ్లల్లా ఉంటాయి, పిల్లలు నోట్లో పెట్టుకుంటే విషం. సింకు కింద సర్ఫు, ఫినాయిల్. సోఫా వెనక చేతికందే ఎత్తులో ప్లగ్గులో గుచ్చి ఉన్న దోమల మందు. టీవీ రిమోటు మూత వదులుగా ఉంది. పాటలు పాడే బొమ్మలో బొత్తాం అంత బ్యాటరీ ఉంది, మూతకి స్క్రూ లేదు. ఆ బ్యాటరీ మింగితే గొంతులో ఇరుక్కుని కొన్ని గంటల్లోనే లోపల కాల్చేస్తుందట. "మింగాడని అనుమానమొచ్చినా సరే ఆస్పత్రికి పరిగెత్తు, విరోచనంలో పోతుందిలే అని కూచోకు" అన్నారు.

తర్వాత బాత్రూమ్. మనకి కుళాయి పొద్దున కాసేపే వస్తుంది కాబట్టి బక్కెట్లూ టబ్బులూ నింపి ఉంచుకోవడం అలవాటు. ఆవిడకి అన్నిటికంటే కోపం వచ్చింది అక్కడే. నడక నేర్చిన పిల్లకి తల బరువెక్కువ, బక్కెట్లోకి తొంగిచూస్తే తలకిందులుగా పడిపోతుంది, మళ్లీ లేవలేదు, అరవనూ లేదు. జానెడు నీళ్లు చాలు. ఇప్పుడు మా ఇంట్లో మూతలున్న డ్రమ్ములే ఉన్నాయి, బాత్రూమ్ తలుపుకి పైన గడియ ఉంది. పెరట్లో మా మావగారి నాన్నగారు తవ్వించిన నుయ్యి ఉంది. దాన్ని పూడ్చమని ఆవిడ అనలేదు. ఇనుప చట్రం పెట్టి తాళం వేయమన్నారు. దాసన్నపేట వెల్డింగ్ షాపు తమ్ముడు కొలతలు తీసుకున్న మర్నాడే బిగించి వెళ్లాడు, కూలి అడిగితే సగమే తీసుకున్నాడు. తమ్ముడూ, మిగతా సగం మా అత్తగారి దగ్గర ఉంది, వచ్చి తీసుకోకపోతే ఆవిడే నీ షాపుకొస్తుంది.

గ్యాస్ సంగతి చూసింది సిలిండర్ వేసే అబ్బాయి. ఆరెంజ్ రంగు సురక్ష పైపుని ఐదేళ్లకోసారి మార్చాలని, దాని మీద తయారైన సంవత్సరం అచ్చువేసి ఉంటుందని చూపించాడు. పైపు మార్పించి, వంటింటికి పిల్లల గేటు పెట్టాం. ఎలక్ట్రీషియన్ బావగారు ఇంటికి ఆర్‌సీసీబీ బిగించారు. కరెంటు లీకైతే, 30 మిల్లీ ఆంపియర్లకే అది పడిపోయి కరెంటు ఆపేస్తుందట. "ఇది పిల్లలకే కాదమ్మా, తడి చేత్తో గ్రైండర్ ముట్టుకునే మీకు కూడా" అన్నారు. నిజమే.

నర్సమ్మ గారి గురించి ఎక్కువ రాయాలి, ఎందుకంటే నాకు ప్రాణం మీదకొచ్చే భయం పోగొట్టింది ఆవిడే. ఘోషాసుపత్రిలో పనిచేసి రిటైరయ్యారు. మా పాప పాత బొమ్మని ఒళ్లో పెట్టుకుని, గొంతులో ఏదైనా ఇరుక్కుంటే ఏం చేయాలో చూపించారు. బిడ్డ దగ్గుతూ ఉంటే దగ్గనివ్వాలి. ఊపిరాడక, శబ్దం రాక ఉక్కిరిబిక్కిరి అవుతుంటే, ఏడాదిలోపు బిడ్డని ముంజేతి మీద బోర్లా, తల కిందికుండేలా పట్టుకుని, రెండు రెక్కల మధ్య అరచేత్తో గట్టిగా ఐదు దెబ్బలు. రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో ఐదు నొక్కులు. ఏడాది దాటిన పిల్లలకైతే వీపు మీద ఐదు, తర్వాత వెనకనుంచి పట్టుకుని బొడ్డుకి పైన లోపలికీ పైకీ ఐదు. ఇరుక్కున్నది బయటికొచ్చేదాకా మార్చి మార్చి చేయాలి, ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. కంటికి కనబడని దానికోసం నోట్లో వేలు పెట్టి కెలకకూడదు, ఇంకా లోపలికి పోతుంది. కాళ్లు పట్టుకుని తలకిందులుగా ఊపడం అసలు వద్దు. ఇవన్నీ నాతో, నాకు సాయంగా ఉండే అమ్మాయితో, ఆఖరికి మా ఆయనతో కూడా బొమ్మ మీద చేయించారు. ఆయన దెబ్బ సుతారంగా వేస్తే "జోకొడుతున్నావా బాబూ?" అన్నారు.

ఆ రోజునుంచీ మా ఇంట్లో చిన్నపిల్లలకి వేరుశనగ గుళ్లు, ఉడకని సెనగలు బంద్. ద్రాక్షపళ్లు నిలువునా నాలుగు ముక్కలు చేసి పెడతాం. ఒక అమ్మమ్మగారు మనవడికి పప్పుండలు తెచ్చి, నేను వద్దంటే చిన్నబుచ్చుకున్నారు. అమ్మమ్మగారూ, పిల్లాడు పెద్దయ్యాక పెడదాం, అందాకా అవి నేను తింటాను.

ఇంగ్లండ్‌లో ఉన్న మా మేనకోడలు కూడా ఇదే పని చేస్తుంది. అక్కడ ఇంట్లో పిల్లల్ని చూసుకునేవాళ్లని చైల్డ్‌మైండర్ అంటారు, ఆఫ్‌స్టెడ్ అనే ప్రభుత్వ సంస్థ వచ్చి తనిఖీ చేస్తుంది. ఒక్క మనిషి చూసుకుంటే ఎనిమిదేళ్లలోపువాళ్లు ఆరుగురికి మించకూడదు, వాళ్లలో బడి ఈడు రాని చిన్నవాళ్లు ముగ్గురు, ఏడాది నిండనివాళ్లు మామూలుగా ఒక్కరే. పిల్లల ప్రథమ చికిత్స కోర్సు పన్నెండు గంటలు చేయాలి, మూడేళ్లకోసారి మళ్లీ చేయాలి. మనకి ఆ రూల్స్ వర్తించవు. అయినా తను వీడియో కాల్‌లో కూర్చుని, తనని వాళ్లు ఏమడిగారో చెప్పింది. "అత్తా, ఫైళ్లు కంటే నువ్వు పిల్లల గురించి ఏం చెప్తావో వింటారు. ఈ పిల్ల ఇప్పుడేం నేర్చుకుంటోంది, దానికి నువ్వేం చేస్తున్నావు, అదే అడుగుతారు" అంది. సూపర్‌వైజరమ్మ గారు చెప్పిందీ అదే. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు, ఒకావిడది విజయనగరం, ఇంకోపిల్లది లీడ్స్ పక్కన ఊరు, మాట మాత్రం ఒకటే. అందుకే నమ్మాను.

రిజిస్టర్ల పని మాత్రం ఆశా కార్యకర్త చెల్లి, ఏఎన్‌ఎం గారు లేకపోతే అయ్యేది కాదు. పిల్లలందరి టీకా కార్డులూ చూసి, తొమ్మిది నెలలకి తట్టు-రుబెల్లా మొదటి డోసు, పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య రెండోది ఎవరికి పడ్డాయో, ఎవరికి బాకీయో గీత గీసి ఇచ్చారు. జబ్బ చుట్టూ వేసే మూడు రంగుల టేపు వాడటం నేర్పారు. పన్నెండున్నర సెంటీమీటర్లు దాటితే ఆకుపచ్చ, పదకొండున్నరకి తగ్గితే ఎరుపు. మా దగ్గర అందరూ ఆకుపచ్చే, కానీ ఒక పాప పసుపుకి మరీ దగ్గరగా ఉందని అప్పుడే తెలిసింది. వాళ్లమ్మతో మాట్లాడి సాయంత్రం గుడ్డు కలిపాం. ఆ ఒక్కదానికైనా ఈ హడావుడంతా పడొచ్చు.

బ్యాంకు అమ్మ వాళ్లాయన ఆడిటింగ్ పని చేస్తారట, ఒక ఆదివారం అధికారిలా కళ్లజోడు సర్దుకుంటూ వచ్చి మాక్ ఇన్‌స్పెక్షన్ చేశారు. "తల్లి రావడం ఆలస్యమైతే? మీకే జ్వరమొస్తే? కరెంటు పోతే? తెలియని మనిషి మేనమామనంటూ వస్తే?" ఆ వరస చూస్తే అసలు అధికారులే నయం అనిపించింది. అన్నిటికీ జవాబులు రాయించి, 108, 101, 112, పిల్లల హెల్ప్‌లైన్ 1098 పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి ఫోన్ పక్కన అంటించారు.

మధ్యలో ఒక కాగితం కోసం ఒక ఆఫీసులో ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి తిప్పారు. ఇంట్లో పిల్లల్ని చూసుకోవడం కూడా ఒక పనేనా, దానికి కాగితమేమిటి అన్నట్టు చూశారు. దాని గురించి ఇంకోసారి రాస్తాను, ఈ పోస్టు దానికి కాదు.

తనిఖీ రోజు ముగ్గురొచ్చారు. గోడల వంక చూడనే లేదు. సూపర్‌వైజరమ్మ గారూ, గెలిచారు. నుయ్యి తాళం లాగి చూశారు. ఫ్రిజ్ తెరిచారు. ఒక పిల్లాడిని చూపించి "వీడు పొద్దున్నుంచి ఏం తిన్నాడు?" అన్నారు. చెప్పాను. "వీడి ఒంటి మీద కమిలిన గుర్తు కనబడితే?" అన్నారు. టైముతో సహా పుస్తకంలో రాసి ఆ రోజే తల్లికి చెబుతామని, తప్పుడు పని జరిగిందని అనుమానమొస్తే పోలీసులకి చెప్పి తీరాలని, పిల్లల మీద లైంగిక నేరాల గురించిన 2012 పోక్సో చట్టంలో అది మన ఇష్టానికి వదలలేదని చెప్పాను. ఆ మేడమ్ తల ఊపి, మూడేళ్ల పిల్లని దగ్గరికి పిలిచి, "ఆంటీ కొడుతుందా?" అని అడిగారు. నా గుండె జారిపోయింది. అది కాసేపు ఆలోచించి, "కొట్టదు. కోపమొస్తే వంటింట్లోకెళ్లి గిన్నెలు గట్టిగా పెడతాది" అంది. మేడమ్ పెన్ను పక్కనపెట్టి నవ్వారు. అది రిపోర్టులో రాశారో లేదో మరి.

వాళ్లు చెప్పిన రెండు సూచనలు: చేతులు కడుక్కునే కుళాయి పిల్లలకందే ఎత్తులో ఇంకొకటి పెట్టాలి, వారం మెనూ గుమ్మం దగ్గర తల్లులకి కనబడేలా రాయాలి. మెనూ రాసేశాం. కుళాయికి ప్లంబర్ బాబాయ్ వస్తానన్నారు, వస్తారు.

ఫోటోలు పెట్టలేదేమని అడగొద్దు. పిల్లల ఫోటోలు వాళ్ల అమ్మానాన్నలవి, నావి కావు. పేరు పేరునా కలిసి చెప్పలేకపోయినవాళ్లు, కుర్చీలు తెచ్చిన ఎదురింటివాళ్లు, బొమ్మలన్నీ ఉతికి ఆరేసిన మా అత్తగారు, ఆ మూడు గంటలూ మైక్ సెట్టు ఆపుకున్న పక్క వీధి పెళ్లివారు, అందరికీ చాలా చాలా థాంక్స్.

తల్లులకి ఒక మాట. సోమవారం నుంచి పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చేవాళ్ల పేరు, ఫోటో, ఫోన్ నంబరు నా పుస్తకంలో ఉండాలి. పుస్తకంలో లేని మనిషికి పిల్లల్ని ఇవ్వను, తాతగారైనా సరే, ఎండలో వచ్చినా సరే. మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టి, మీకు ఫోన్ చేస్తాను. ఫోన్ ఎత్తండి.